ఉలి తలమీద బొటనవేలు

రాతిపనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది సమ్మెట బరువెంత అని. తరువాత అడిగేది మందు పేలేటప్పుడు ఎంత దూరం పరిగెత్తాలి అని. నా ఎదురుగా కూర్చునేవాడు ఎవడు అని మాత్రం ఒక్కడూ అడగడు. ఇప్పుడు నేను పని మానేసి, వసారాలో కూర్చుని, మనవరాలి చేత చీవాట్లు తింటూ కాలక్షేపం చేస్తున్నాను. కాబట్టి ఎవరూ అడగకపోయినా చెప్తాను. వినేవాడు వింటాడు, విననివాడి వేళ్ళు వాడిష్టం.

నేను మేస్త్రి ఎలా అయ్యానో, ఏ దొర మెచ్చుకున్నాడో ఇందులో రాయడం లేదు. అది చదివి మీరు బాగుపడేదేమీ లేదు.

ఇద్దరి పని

మారిషస్‌లో చెరుకు కంటే ముందు రాళ్ళు పండుతాయి. రోజ్ బెల్ ఊరి పక్కన పొలం కొన్నవాడు మట్టి కొన్నాననుకుంటాడు. గునపం దించితే ఖంగుమంటుంది. చిన్న రాళ్ళను ఆడవాళ్ళు తట్టల్లో మోసి గట్లమీద గుట్టలు పోస్తారు. పెద్ద బండకు బెజ్జం వేసి, అందులో మందు కూరి పేల్చాలి. ఆ బెజ్జం వేయడమే మా పని.

ఒక బెజ్జానికి ఇద్దరు. ఉలివాడు బండమీద గొంతుక్కూర్చుని, మోచేతి పొడుగు ఇనుప ఉలిని రెండు చేతులా నిలబెట్టి పట్టుకుంటాడు. సమ్మెటవాడు నిలబడి దాని తలమీద కొడతాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉలివాడు ఉలిని కాస్త తిప్పాలి, లేకపోతే రాతిలో బిగుసుకుపోతుంది. నీళ్ళు పోయాలి, రాతిపిండి తోడాలి. ఉలి తల రూపాయి బిళ్ళంత ఉంటుంది. దానికి జానెడు కింద మనిషి చేతులుంటాయి. సమ్మెట గురి తప్పితే ఏమవుతుందో నేను చెప్పక్కరలేదు.

నేను ఉలివాణ్ణి. నా పదివేళ్ళూ ఇంకా ఉన్నాయంటే అందులో నా గొప్ప కొంచెమే. ఎదురుగా నిలబడ్డవాళ్ళ గొప్పే ఎక్కువ.

గంగయ్య గురువు

పెద్ద యుద్ధానికి ముందు మా ముఠాకు గంగయ్య మేస్త్రి. మా కాంపులో కోలాటం గురువు కూడా ఆయనే. కాంపు అంటే తోటకూలీల ఇళ్ళ వరస. మా అమ్మానాన్నలు ఓడ దిగి వచ్చి పడింది అక్కడే. ఆ వరసలో పండగొచ్చినా, ఎవరింట్లో రామభజన జరిగినా గంగయ్య తాళాలు మోగితేనే కోలాటం మొదలయ్యేది.

గంగయ్య తన జతలను పొలంలో ఎంచుకునేవాడు కాదు, కోలాటంలో ఎంచుకునేవాడు. ఏ ఇద్దరి కర్రలు చూడకుండానే కలుస్తాయో వాళ్ళను తెచ్చి బండమీద పెట్టేవాడు. మిగతా ముఠాలవాళ్ళు 'ఇదెక్కడి పిచ్చి' అనుకున్నారు. పిచ్చేమీ కాదు. నిజంగా పని నడిచింది. జతలన్నీ ఒకే పాట ఎత్తుకునేవి. పాట దెబ్బమీద సమ్మెట పడేది, పాట విరుపులో ఉలి తిరిగేది. పక్క తోట భోజ్‌పురివాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్ళు. ఆ పాట నడిచేటప్పుడు చేతులు వాటంతట అవే పనిచేసేవి, ఒంటికి అలుపు తెలిసేది కాదు. ఆ సుఖం నేను ఇంకెక్కడా ఎరగను. ఎవరేమన్నా గంగయ్యంత గురువు మళ్ళీ ఈ దీవిలో పుట్టలేదనే అంటాను.

అందరికంటే మంచి జత సన్యాసి, అప్పన్న. సన్యాసి సమ్మెటవాడు. పెద్ద ఒళ్ళు, చిన్న మాట. అప్పన్న ఉలివాడు, సన్యాసి భార్య పైడమ్మకు సొంత తమ్ముడు. బావా బావమరుదులు ఒకే కంచంలో తినేవాళ్ళు. ఇద్దరూ కలిసి కాంపు అవతల ఒక చిన్న పొలం వాయిదాలమీద తీసుకున్నారు. వానలకు ముందు అందులో చెరుకు నాటకపోతే వెనక్కి తీసేసుకుంటానని అమ్మినాయన చెప్పి ఉన్నాడు. ఆ పొలం నడిమధ్యలో గేదె పడుకున్నట్టు ఒక నల్లబండ ఉండేది. దాని పని ఎలాగూ మన చేతుల్లోదే అని ఇద్దరికీ ధీమా.

ఆ పూట

చలికాలం, సన్నటి జల్లు. తోటలో పెద్ద బండమీద నాలుగు జతలం పనిచేస్తున్నాం. పాట మంచి ఊపులో ఉంది. నా పక్క బెజ్జం సన్యాసీ అప్పన్నలది.

అప్పన్న ఉలి బిగుసుకుంది. "ఆగు బావా" అన్నాడు. నేను విన్నాను. పాట పాడుతూనే విన్నాను. మా పాటలో మధ్యలో ఆగడమనేది లేదు. ఏదైనా ఉంటే చరణం అయ్యాకే. ఆగమన్నాను కదా, బావ ఆగుతాడనే అప్పన్న అనుకున్నాడు. ఎడమచెయ్యి ఉలి తలమీద వేసి ఊడబెరకబోయాడు. సన్యాసి కళ్ళు సగం మూసి ఉన్నాయి. సమ్మెట తాళం ప్రకారం వచ్చింది, ఇసుమంత కూడా తేడా లేకుండా వచ్చింది.

చిటికెనవేలు, ఉంగరపువేలు పోయాయి. ఆ చప్పుడు గురించి రాయను. పాట మాత్రం వెంటనే ఆగలేదు. అవతలి జతలకు తెలియక ఆ చరణం చివరిదాకా పాడారు. ఇన్నేళ్ళయినా ఆ పాట ఎవరైనా ఎత్తుకుంటే నేను లేచి అవతలికి పోతాను.

గుడ్డ చుట్టి, బండిలో ఎక్కించే ముందు గంగయ్య వచ్చాడు. ఆయన ముఖం తెల్లబోయి ఉంది. భయపడ్డప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు తప్పు వెతుకుతారు. ఆయన రెండోరకం.

"తాళం తప్పినావురా అప్పన్నా. సరణం అవకుండా సెయ్యెందుకెట్టినావు?" అన్నాడు.

"ఆగమన్నాను గురువా."

"పాట మద్దిన ఆగడం ఉంటదేట్రా?"

అందరి ముందూ అన్న మాట అది. చిన్నప్పటినుంచీ కర్ర పట్టినవాణ్ణి, ముఠాకే మొదటివాణ్ణి పట్టుకుని తాళం తప్పినవాడని గురువే అన్నాక ఇంకేం మిగులుతుంది? వేళ్ళు పోయినందుకు అప్పన్న ఏడవలేదు. బండిలో పడుకుని ఆ మాటకు ఏడ్చాడు. పక్కన కూర్చుని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను కాబట్టి తెలుసు.

సన్యాసి ఆ పూటనుంచి సమ్మెట ముట్టుకోలేదు.

పాట మాన్పించిన దొర

మా మీద ఒక ఫ్రెంచి దొర ఉండేవాడు. మిస్యే అని పిలిచేవాళ్ళం. చెడ్డవాడు కాడు, తొందరవాడు. రోజుకు పదిసార్లు "ప్లి వీత్, ప్లి వీత్" అనేవాడు, త్వరగా కానీమని. సంగతి తెలిసి ఆయన చేసిన పని ఏమిటంటే, పాట మానేయమన్నాడు. గంగయ్య అలిగి ముఠా వదిలి వెళ్ళిపోయాడు. దొర ముఠాను నన్ను చూసుకోమన్నాడు.

పాట లేకుండా పని చేసి చూడండి. సమ్మెట ఎప్పుడొస్తుందో ఉలివాడికి తెలియదు, ఉలి ఎప్పుడు తిరుగుతుందో సమ్మెటవాడికి తెలియదు. ఒకడు తొందరపడతాడు, ఒకడు నిద్రపోతాడు. నా కళ్ళముందే ఒక సమ్మెట జారి ఉలివాడి మోకాలు రాసుకుంటూ పోయింది. పాటే మనిషిని కొట్టిందని దొర అనుకున్నాడు, పాట తప్పినందుకే దెబ్బ తగిలిందని గంగయ్య అనుకున్నాడు. దొందూ దొందే. పాట కావాలి. పాట నడుస్తున్నా ఎదుటివాడు కనబడుతూ ఉండాలి. ఆ రెండోదాన్ని మాకెవరూ నేర్పలేదు.

ఎలా నేర్పాలో నాకూ తెలియదు. 'కళ్ళు తెరుచుకుని కొట్టండిరా' అని అరిచేవాణ్ణి. అరుపుకు రెండు దెబ్బలవరకు పనిచేస్తారు, తరువాత మామూలే.

నీళ్ళు మోసే ఆటలు

ఒక ఆదివారం కాంపులో ఇద్దరు ఆడపిల్లలు చెమ్మచెక్క ఆడుతున్నారు. పెద్దది అల్లరిది. ఆట మధ్యలో ఉన్నట్టుండి చేతులు వెనక్కి తీసేసుకుంది. చిన్నది ముందుకు తూలి దాని కడుపుమీద పడింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి చిన్నది మోసపోలేదు. పెద్దదాని మెడ కదిలేసరికే చేతులు ఆపేసుకుంది. పాట మాత్రం పాడుతూనే ఉంది.

నేను చుట్ట పారేసి లేచాను.

మర్నాడు నా జతలను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకడు చెరుకాకు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకోవాలి. రెండోవాడు పాట పాడుతూ సన్నబెత్తంతో దానిమీద కొట్టాలి. పట్టుకున్నవాడు ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. లాగేసుకున్నాక బెత్తం గాలిలో పడితే కొట్టినవాడు ఓడినట్టు. పిల్లల ఆటల్లో దెబ్బ తగిలించినవాడు మొనగాడు. నా ఆటలో ఆగినవాడు మొనగాడు.

మొదట్లో గెలిచినవాడికి బెల్లంముక్క పెట్టాను. నాకంటే తెలివితక్కువవాడు ఉండడు. సాయంత్రానికి జతలన్నీ కొట్టుకు చస్తున్నాయి. ఆకు పట్టినవాడు దొంగచూపులు చూస్తున్నాడు, కొట్టేవాడు వాణ్ణి తిడుతున్నాడు. ఎవడి చేతుల్లో తన చేతులు పెట్టాలో వాడినే ఓడించమని చెప్పానన్నమాట. మర్నాటినుంచి బెల్లం మానేశాను. ఎవడు తప్పినా జత మొత్తం కింద వాగుకు పోయి ముఠాకు నీళ్ళు మోసుకు రావాలన్నాను. అప్పుడు కుదిరింది. నీ తప్పుకు నేను మొయ్యాలంటే నేను నిన్ను చూస్తూ ఉంటాను.

అలా ఒకదాని తరువాత ఒకటి కల్పించాను. ఇద్దరూ ఒక తువ్వాలు చెరో కొసా పట్టుకుని, మధ్యలో నీళ్ళ కొబ్బరిచిప్ప పెట్టి, రాళ్ళగుట్ట ఎక్కి దిగాలి. మూడోవాడు వెంట నడుస్తూ నోటికొచ్చినట్టు తిడతాడు, నిన్న ఏం కూర తిన్నావని అడుగుతాడు. జవాబు చెప్పాలి, నీళ్ళు ఒలకకూడదు. ఇంకోటి, ఒకే చెరుకుగడ చెరో చివరా అరచేతులతో అదిమి పట్టుకుని నడవడం. ఒకడి కళ్ళకు గంత. గడ జారితే వాగుకే.

వీటికి డబ్బక్కరలేదు, చదువక్కరలేదు. అన్నిటిలోనూ మూలం ఒకటే: చెయ్యి అలవాటు పడగానే అలవాటును చెడగొట్టాలి. అలవాటు చెడినప్పుడే మనిషి ఎదుటివాణ్ణి చూస్తాడు.

పనిలో రెండు కట్టుబాట్లు పెట్టాను. పాట ఉలివాడే పాడాలి, ఎందుకంటే చేతులు వాడివి. ఆపాలంటే నోటితో చెప్పక్కరలేదు, ఉలి తలమీద బొటనవేలు పెట్టాలి. ఇది వినగానే అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. అరుపు పాటలో కలిసిపోతుంది కదా. సమ్మెటవాడు ఎలాగూ ఆ ఉలి తలనే చూడాలి. అక్కడే వేలు కనబడితే చూడలేదనడానికి ఉండదు. బెత్తంతో ఆ ఆట తప్పకుండా ఆడగలిగేవరకు ఏ జతనూ బండ ఎక్కనివ్వలేదు.

ఊళ్ళో గంగయ్య నా పేరెత్తి నవ్వాడట. "గెడ్డాలొచ్చినోళ్ళకి బొమ్మలాటలు నేర్పతన్నాడు సింహాద్రి" అన్నాడట. అననీ అనుకున్నాను.

పైడమ్మ వచ్చింది

అప్పటికి సన్యాసి కూలీల పెద్ద సర్దారు కింద చెరుకు కొట్టడానికి పోతున్నాడు. అప్పన్న చెయ్యి మానింది. ఏదో ఒక దుకాణంలో బస్తాలు సర్దుతున్నాడు. ఒక సాయంత్రం పైడమ్మ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడకు ఆకుకూర కట్ట ఇచ్చి, నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మావా, ఆ ఆటలేవో మా ఆయనికి నేర్పు."

"నీ మొగుడు సమ్మెట ఒగ్గేశాడు కదే."

"సమ్మెటొక్కటే ఒగ్గేస్తే బాగుణ్ణు. మా తమ్ముడు గుమ్మంల కొచ్చేసరికి ఎనకదారిన ఎల్లిపోతన్నాడు. ఆడూ రావడం మానేసినాడు. వానలు దగ్గర పడతన్నాయి. పొలంల నల్లబండ అలాగే కూకుంది. సెరుకు ముచ్చెలు ఎప్పుడు నాటాల?"

"బండకేం, ఇంకో జతని పంపుతాను."

పైడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "బండ ఎవులైనా పగలగొడతారు మావా. ఒక కంచంల తిన్నోళ్ళు మొకాలు సూసుకోటం నేదు. ఈడు నా మొగుడు, ఆడు నా తోడబుట్టినోడు. నానెవులి కోసం ఏడవాల?"

మా ఆవిడ లోపలినుంచే, "నేర్పితే నీ సొమ్మేం పోతుందిరా ముసలాడా" అంది. అప్పటికి నేను ముసలాణ్ణి కాను.

అప్పన్న వెంటనే వచ్చాడు. సన్యాసిని పైడమ్మ తీసుకొచ్చింది, తీసుకొచ్చిందంటే తోసుకొచ్చింది. నా పెరట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అప్పన్న చేతికి చెరుకాకు ఇచ్చాను. ఉన్న మూడువేళ్ళతో పట్టుకున్నాడు. సన్యాసి బెత్తం ఎత్తాడు. దించలేదు. అప్పన్న ఆకు లాగలేదు, కదపలేదు. అయినా బెత్తం గాలిలోనే ఉంది.

"కొట్టు బావా. ఆకే కదా."

సన్యాసి నుదురంతా చెమట. "మో పా కాపావ్" అన్నాడు క్రియోల్‌లో, తెలుగు మరిచిపోయినట్టు. నా వల్ల కాదని.

రోజూ ఇదే. నాకు విసుగొచ్చింది, తిట్టాను కూడా. తరువాత ఒకటి గమనించాను. సన్యాసి అప్పన్నను చూడటం లేదు. తన చేతినే చూసుకుంటున్నాడు. పాటలో పడి కళ్ళు మూసుకున్నవాడూ, భయంతో తన చేతినే చూసుకునేవాడూ, ఇద్దరికీ ఎదుటివాడు కనబడడు. ఇది నాకు ఏ గురువూ చెప్పలేదు.

ఆకు సన్యాసికిచ్చి, బెత్తం అప్పన్నకిచ్చాను. ఇప్పుడు సన్యాసి అప్పన్న ముఖం చూడక తప్పలేదు, దెబ్బ ఎప్పుడొస్తుందో తెలియాలి కదా. తువ్వాలు ఆటలో తిట్టే పని పైడమ్మకు అప్పగించాను. ఆ పనికి ఆమెను మించినవాళ్ళు ఉండరు. మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఇద్దరినీ కలిపి వాళ్ళ పుట్టుకల దగ్గరనుంచి ఎత్తుకుంది. కొబ్బరిచిప్ప ఒలికింది. ఇద్దరూ బిందెలు పట్టుకుని వాగుకు పోయారు. వచ్చేటప్పుడు సన్యాసి ఏదో అన్నాడు, అప్పన్న నవ్వాడు. పైడమ్మ తిట్టడం ఆపి లోపలికి వెళ్ళిపోయింది. లోపల మా ఆవిడ భుజంమీద తల పెట్టి ఏడ్చిందట.

తరువాత సన్యాసి ఆకుమీద కొట్టాడు, బెత్తం ఆపాల్సినప్పుడు ఆపాడు. ఆ తరువాత చిన్నసుత్తి పట్టాడు. కాని ఆకు వేరు, వేళ్ళు వేరు. అది ముగ్గురికీ తెలుసు.

నల్లబండ

వానమబ్బులు కొండలమీద కనబడుతున్నాయి. ఇక ఆగడానికి లేదు. ఆ ఉదయం పొలంలో మేమే కాక, పనిలేని జనం కూడా చేరారు. రాతిగోడ అవతల గంగయ్య నిలబడ్డాడు. పిలవనిపేరంటం. నేను పలకరించలేదు.

వేరే ఉలివాణ్ణి పెడతానని అప్పన్నకు ముందే చెప్పాను. "ఉలి నాదే" అన్నాడు.

అప్పన్న బండమీద గొంతుక్కూర్చున్నాడు. కుడిచేత్తో గట్టిగా, ఎడమచేతి మూడువేళ్ళతో ఆనించి ఉలి పట్టుకున్నాడు. సన్యాసి సమ్మెట ఎత్తాడు. అప్పన్న పాట ఎత్తుకున్నాడు, అదే పాట. వేరే పాట లేదా వీడికి అనుకున్నాను.

మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండోది పడింది. ఉలి తిరిగింది. నెమ్మదిగా ఇద్దరికీ ఊపు వచ్చింది. నీళ్ళు పోశారు, పిండి తోడారు, మళ్ళీ మొదలుపెట్టారు. బెజ్జం బెత్తెడు దిగింది. పైడమ్మ గట్టుమీద కూర్చుని గడ్డిపరకలు పీకుతోంది, తల ఎత్తడం లేదు. సన్యాసి భుజాలు సడలాయి. అది చూసి నాకు భయం వేసింది. అతని ఒళ్ళు మళ్ళీ పాటలోకి జారుతోంది. కళ్ళు ఎలా ఉన్నాయో నా చోటునుంచి కనబడటం లేదు.

సమ్మెట పైకి లేచింది. అప్పన్న పాట ఆపలేదు. గొంతు తగ్గలేదు, తాళం తప్పలేదు. పాడుతూనే ఎడమచేతి బొటనవేలు తీసి ఉలి తలమీద పెట్టాడు.

సమ్మెట కిందికి బయలుదేరింది. సన్యాసి నడుము మెలిపడింది. సమ్మెట అప్పన్న చెవి పక్కగా పోయి, బండ అంచుమీద పడి, నిప్పురవ్వ లేపి కిందికి దొర్లింది. అప్పన్న ఆ చరణం చివరి మాట పాడి ఆపాడు. వేలు అక్కడే ఉంది.

నేను బండ ఎక్కి ఉలి పట్టుకుని తిప్పాను. హాయిగా తిరిగింది.

"బిగుసుకోలేదు కదరా" అన్నాను.

"నేదు మావా."

"మరి వేలెందుకు పెట్టావు?"

"పాట ఆపి అడిగితే ఎవుడైనా ఆగుతాడు. పాట నడవగా అడగాల. నేకపోతే బావ నన్ను సూస్తన్నాడో నేదో నాకెప్పటికీ తెలదు."

లాగి చెంపమీద కొట్టాను. ఇప్పుడైనా కొడతాను. ఇది చదివే కుర్రాళ్ళెవరూ ఆ పని చేయకండి. ఆటలు కనిపెట్టింది ఆ ప్రశ్న ఆకులమీద అడుక్కోవడానికి, వేళ్ళమీద కాదు. కాని అప్పన్నకు ఆకులమీద జవాబు సరిపోలేదు. అతని బాధ అతనిది.

సన్యాసి కింద కూలబడి ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, అంత పెద్ద మనిషి. అప్పన్న బండమీదనుంచే అన్నాడు, "ఆగినావు కదా బావా. ఇంకేటి? లెగు."

సన్యాసి కాసేపటికి లేచాడు. సమ్మెట వెతుక్కుని, పిడి తుడుచుకుని వచ్చాడు. "సక్కగా పట్టుకో. ఇంక ఆటలొద్దు" అన్నాడు. మధ్యాహ్నానికి బెజ్జం పూర్తయింది. బండ పేలింది. వానలకు ముందే ముచ్చెలు పడ్డాయి.

రాతిగోడ దగ్గర చూస్తే గంగయ్య లేడు.

అమ్మోరి పండుగ

ఆ మరుసటి అమ్మోరి పండుగకు ఘటాల ఊరేగింపు పగటిపూటే గుడి చేరింది. కోలాటం అయింది. సన్యాసి ఎవరితోనో జతకట్టి ఆడాడు. అప్పన్న ఆడలేదు, జనంలో నిలబడి చూశాడు. వేళ్ళు పోయినప్పటినుంచీ అతను కర్ర పట్టలేదు. తాళం తప్పినవాడు కర్ర ఎలా పట్టుకుంటాడు?

కర్రలు కింద పెట్టి అందరూ నీడకు చేరుతుంటే గంగయ్య నా దగ్గరికి వచ్చాడు. ముఠా వదిలాక నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏదో ఆటన్నావు కదరా సింహాద్రీ. నానూ ఆడతాను, సూపించు."

"జత కావాలి గురువా."

ఆయన జనంకేసి తిరిగాడు. "అప్పన్నా, రా."

అప్పన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎడమచేత్తో ఆకు పట్టుకున్నాడు. ఆ చెయ్యి గురువు అంత దగ్గరగా చూడటం అప్పుడే అనుకుంటాను. బెత్తం బదులు కోలాటం కర్ర తీసుకున్నాడు గంగయ్య. పాట ఎత్తుకున్నాడు. ఆ వయసులోనూ ఏం గొంతు. కర్ర ఆకుమీద పడుతోంది, ఒక్కటీ తప్పడం లేదు. ఆయన కళ్ళు మెల్లగా మూతపడుతున్నాయి. చరణం మధ్యలో అప్పన్న చెయ్యి తీసేశాడు. కర్ర వచ్చింది, సరిగ్గా తాళం ప్రకారం, ఏమీ లేని చోట పడింది.

గంగయ్య కళ్ళు తెరిచాడు. కర్ర పడ్డ చోటును చూశాడు. అప్పన్న చేతిని చూశాడు.

"ఓడినోళ్ళు ఏటి సెయ్యాల?" అని నన్ను అడిగాడు.

"జతంతా వాగుకు పోయి నీళ్ళు మోయాలి గురువా."

అప్పన్న చటుక్కున లేచి బిందె అందుకున్నాడు. పెద్దాయన చేత మోయించడానికి అతనికి మనసొప్పలేదు. గంగయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆ బిందె అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇటియ్యిరా. పది వేళ్ళూ ఉన్నోణ్ణి నాను. నానే మోస్తాను" అన్నాడు.

ఇద్దరూ వాగుకు పోయారు. తిరిగి వచ్చేసరికి గంగయ్య భుజంమీద నిండుబిందె ఉంది, పంచె సగం తడిసి ఉంది. అప్పన్న పక్కన నడుస్తున్నాడు, గురువు కోలాటం కర్రలు పట్టుకుని. సన్యాసి ఎదురు వెళ్ళి బిందె దించాడు. ఆ నీళ్ళు అందరం తాగాం.